కారుకు వణుకెందుకు?

పిల్లలూ! మా కోరుకొండలో లక్ష్మీనరసింహస్వామి గుడి కొండ శిఖరాన ఉన్నది. 600కు పైగా మెట్లెక్కాలి. తీర్థం రోజుల్లో ఒక చిత్రం కనిపిస్తుంది. ఖాళీ చేతులతో ఎక్కే ముసలాయన మెల్లిగా, బాగానే పోతూ ఉంటాడు. మధ్యలో మనవడు చంకెక్కాడంటే, నాలుగు మెట్లెక్కేసరికి ఆయన కాళ్ళు వణుకుతాయి. తప్పు మనవడిదా, కాళ్ళదా? మొన్న వేసవిలో ఒక కారు విషయంలో సరిగ్గా ఇటువంటి తగువే వచ్చింది.

మా మేనల్లుడు అప్పు చేసి ఒక పాత పెట్రోలు కారు కొని అద్దెకు తిప్పుతున్నాడు. ఊళ్ళోని పెద్దవాళ్ళను రాజమహేంద్రవరం ఆస్పత్రులకు తీసుకుపోవటమే అతనికి ఎక్కువ పని. పరుగెత్తినంతసేపూ కారు బాగానే ఉండేది. ఎక్కడైనా ఆగి, ఇంజను ఆడుతూ ఉండగా ఏసీ వేస్తే మాత్రం గడగడ వణికేది. ఒక్కొక్కసారి ఇంజను ఆగిపోయేది కూడా.

“ఈ ఎండల్లో రోగిని కూచోబెట్టి ఏసీ ఎలా ఆపెయ్యనండీ, మావయ్యా?” అన్నాడు. ఒక షెడ్డులో చూపిస్తే కంప్రెసరు మార్చాలన్నారుట. ఆ ఖర్చు అతనికి మూడు నెలల వాయిదాలతో సమానం.

“కాస్త ఆగరా అబ్బాయీ, ముందు పరీక్ష చేసి చూద్దాం,” అన్నాను.

కంప్రెసరంటే ఏమిటో చెబుతాను. ఏసీలో ఒక వాయువు తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఒత్తి, కారు ముందు భాగాన ఉన్న గొట్టాలలోకి తోసే పంపే కంప్రెసరు. అక్కడ వాయువు తన వేడిని బయటి గాలికి ఇచ్చి ద్రవమవుతుంది. ఆ ద్రవం లోపలి గొట్టాలలో మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు కారులోని వేడిని పీల్చుకుంటుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఆవిరివల్లనే గదా!

ఈ పంపును బెల్టుద్వారా తిప్పేది ఇంజనే. మన జిల్లాలలో ధాన్యం బస్తా 75 కిలోలు. దాన్ని సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేపే బలమే ఒక అశ్వశక్తి. కంప్రెసరుకు సుమారు రెండు మూడు అశ్వశక్తులు కావాలి. పరుగెత్తే ఇంజనుకు ఇదొక లెక్క కాదు. నిలబడి నిమిషానికి 800 చుట్లు మాత్రమే తిరిగే ఇంజనుకు పెద్ద బరువే. 1939లో అమెరికాలో పాకార్డ్ కంపెనీ తన కార్లకు ఏసీ పెట్టినప్పుడు, పంపును విడదీసే క్లచ్చి లేదు. చల్లదనం వద్దనుకుంటే ఇంజను ఆపి, మూత ఎత్తి, బెల్టు ఊడదీసుకోవాలి! ఇప్పుడు మీట నొక్కితే ‘టక్’మని క్లచ్చి పడుతుంది. ఆ క్షణాన కారులోని కంప్యూటరు మరికాస్త గాలీ పెట్రోలూ పంపి ఇంజను బలం పెంచాలి.

కారును ఆరుబయట నిలబెట్టాము. మూసి ఉన్న షెడ్డులో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాసనలేని విషవాయువు చేరి ప్రాణాలు తీస్తుంది. ఏడవ తరగతి చదివే మా మనవరాలిని కారులో కూచోబెట్టి, ఇంజను చుట్లు చూపే ముల్లు చూసి కాగితంమీద రాయమన్నాను. మూత ఎత్తిన ఇంజను దగ్గరికి, తిరిగే బెల్టు దగ్గరికి మీరెవరూ పోకూడదు సుమా!

ఏసీ లేనప్పుడు 800. వెయ్యగానే 500, ఒకటే వణుకు. మేనల్లుడు కాలితో కాస్త నొక్కి 1,200కు తెచ్చాడు. వణుకు మాయం! కంప్రెసరులో గరగరమనే చప్పుడు లేదు. ముందున్న ఫ్యాను కూడా తిరుగుతూనే ఉన్నది. అది తిరగకపోతే పంపుకు బరువు పెరుగుతుంది.

“తాతయ్యా, ఏసీ వెయ్యకుండా వేరే బరువు పెట్టి చూస్తే?” అన్నది మనవరాలు.

తరగతిలో ఇటువంటి ప్రశ్న ఒకటి వస్తే నాకు ఆ పూట భోజనం అక్కరలేకపోయేది. ఏసీ ఆపించాను. మేనల్లుడు పెద్ద దీపాలు వేసి, స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పాడు. ఆ దీపాలకు కరెంటు పుట్టించేదీ, ఆ కారులో స్టీరింగుకు సాయపడే పంపును తిప్పేదీ ఇంజనే. ముల్లు 600కు జారింది. కారు వణికింది!

కంప్రెసరు పని చెయ్యటమే లేదు, అయినా వణుకు వచ్చింది. అంటే ఏ బరువు పడినా ఇంజను బలం తెచ్చుకోలేకపోతున్నదన్నమాట.

ఆ కాగితం పట్టుకొని ఒక పెద్ద వయసు మెకానిక్కు దగ్గరికి పోయాము. ఆయన ప్లగ్గులు తీసి చూసి బాగున్నాయన్నాడు. తర్వాత ఇంజను గాలి పీల్చే దారి విప్పాడు. అందులో గుండ్రని రేకు ఒకటి ఉంటుంది. నొక్కిన కాలు తీస్తే అది దాదాపు మూసుకుంటుంది. అప్పుడు పక్కనున్న సన్నని దారిలోంచి ఒక కవాటం కావలసినంత గాలి వదులుతుంది. ఆ దారి నిండా, కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగులాగా మసి! కంప్యూటరు గాలి పంపమంటూనే ఉన్నది, పోవటానికి సందేదీ?

మసి కడిగి బిగించటానికి గంట పట్టింది. ఈసారి ఏసీ వెయ్యగానే ముల్లు 700కు దిగి, వెంటనే 850కు లేచి నిలిచింది.

అన్ని వణుకులూ మసివల్లనే రావు. ముల్లు పడకుండానే కారు ఊగితే, ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు చూడాలి. పంపులోనే గరగర వినిపిస్తే కంప్రెసరు మార్చక తప్పకపోవచ్చు.

మర్నాడు తెల్లవారుజామున మేనల్లుడు డయాలిసిస్‌కు పోయే ఒక పెద్దాయనను ఎక్కించుకొని రాజమహేంద్రవరం బయలుదేరాడు. మనవరాలు రాసిన కాగితం మాత్రం మెకానిక్కు తిరిగి ఇవ్వలేదు, తన షెడ్డు గోడకు అంటించుకున్నాడు.