చెరువు పచ్చబడిన పొద్దు

మత్స్యశాఖ ఫీల్డ్‌మన్‌గా నవీపేట్ చుట్టుపక్కల చెరువులన్నీ తిరిగాను. ఎండాకాలంలో తెల్లారకముందే ఫోన్ మోగిందంటే గుండె ఝల్లుమనేది. "సార్, చెరువుల ఎవరో మందు కలిపిండ్రు. చేపలన్నీ తేలినయి, జల్ది రావాలె." ఎప్పుడూ ఇదే మాట.

అలా వెళ్లిన ఒక పొద్దు ఇంకా కళ్లముందే ఉంది. ఏప్రిల్ నెల, చెరువు సగానికి దిగింది. గాలి తోసిన వైపు కట్ట రాళ్ల వెంబడి పెయింట్ డబ్బా ఒలికినట్టు పచ్చ తెట్టు. రాళ్ల మీద ఎండినచోట నీలంగా మారింది. కుళ్లిన గడ్డి వాసన. బొచ్చెలు, రవ్వలు, బంగారుతీగలు వెల్లకిలా తేలాయి. బతికున్నవి మూతులు పైకి పెట్టి గాలి మింగుతున్నాయి. మత్స్యకారుల సంఘంలో పెద్దాయన ఒక బొచ్చెను రెండు చేతులా ఎత్తి, "మూడు కిలోలు తూగుతది బిడ్డా, ఇంకో నెలైతే వల ఏద్దుమనుకున్నం" అన్నాడు. పక్క ఊరోళ్ల మీద కేసు పెట్టాలని కట్ట మీద అప్పటికే గుంపు లేచింది.

పుల్ల ముంచి తీశాను. పీచు నాచైతే వెంట్రుకల్లా వేలాడుతుంది. ఇది రంగులా పూసుకుంది. నీళ్లు సీసాలో పట్టి కదలకుండా నీడన పెడితే, కాసేపటికి పైకి తేలి మెడ చుట్టూ పచ్చ వలయం కట్టింది. దీని పేరు మైక్రోసిస్టిస్. కణాల్లో గాలి తిత్తులుంటాయి, అందుకే తేలుతుంది. నాచు అంటాం గానీ నిజానికి బ్యాక్టీరియా జాతి.

మందు ఎవరూ కలపలేదంటే ముందు ఎవరూ నమ్మలేదు. వరికి, చెరుకుకు, పసుపుకు వేసిన యూరియా, డీఏపీ వానకు కొట్టుకొచ్చి చెరువులో చేరతాయి. ఊరి మురుగు తోడవుతుంది. ఎండ ముదిరి నీళ్లు నిలిచిపోతే ఈ నాచుకు పండగే. పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా తనే పీల్చేస్తుంది. చచ్చి కుళ్లేటప్పుడు మిగిలిందీ లాగేస్తుంది. బొచ్చె, రవ్వలకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావాలి. తెల్లవారుజామున అది అడుగంటుతుంది. చేపలు ఆ వేళకే తేలడం అందుకే.

చెరువుల్లోనే కాదు, యంచ ఊరి దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తగ్గాక మిగిలిన గోదావరి మడుగుల్లోనూ ఈ తెట్టు చూశాను.

నా తప్పు ఒకటి చెప్పాలి. కొత్తలో ఇలా తేలిన చేపలను "బాగా ఉడికిస్తే ఏంగాదు" అని నేనే జనానికి చెప్పాను. ఈ నాచులో పుట్టే మైక్రోసిస్టిన్ అనే విషం మరిగించినా పోదు. దాని దెబ్బంతా కాలేయం మీదే. ఒకాయన నవీపేట్ శనివారం సంతకు మేకలను తోలుకొస్తూ ఇలాంటి కుంట దగ్గర నీళ్లు తాపాడు. పొద్దుగూకేలోపు రెండు పడిపోయాయి. పశువుల డాక్టర్ అనుమానమంతా ఆ నీళ్ల మీదే. ఆ రోజు నుంచి నా నోట ఆ మాట రాలేదు.

1996లో బ్రెజిల్‌లోని కరువారులో డయాలసిస్‌కు వాడిన నీటిలో ఈ విషమే ఉండి 50 మందికి పైగా చనిపోయారు. సముద్రతీరంలోనూ ఇలాంటి ముప్పుంది, కాకపోతే అక్కడిది వేరే రకం సూక్ష్మ నాచు, విషమూ వేరే. 1997లో కేరళలోని విజింజంలో ఆ విషమెక్కిన ఆల్చిప్పలు తిని ఏడుగురు పోయారు.

తెట్టు కనిపించగానే కొందరు మైలుతుత్తం కొడతారు. వద్దు. కణాలు పగిలి విషమంతా ఒక్కసారే నీళ్లలో కలుస్తుంది. పేడ, ఎరువు, మేత ఆపండి. వీలైతే మోటారు పెట్టి కొత్త నీళ్లు కొట్టించండి. తేలిన చేపను అమ్మకండి, తినకండి, కుక్కలకూ వేయకండి. గుంత తీసి పాతిపెట్టండి. పిల్లల్ని ఈతకు దిగనివ్వకండి, గొడ్లను వేరే నీళ్లకు తోలండి. పక్క ఊరి మీద కేసు పెట్టేముందు ఒక్క సీసా నీళ్లు పట్టి నీడన పెట్టి చూడండి.