ఒంటెను కట్టిన తర్వాతే భరోసా

మక్కా, మదీనాల మధ్య మన పూర్వికులు ఒంటెలపై రోజుల తరబడి సాగించిన ప్రయాణాన్ని హరమైన్ రైలు నేడు కొద్ది గంటల్లోనే ముగిస్తోంది. 2018లో ప్రారంభమైన ఈ మార్గం పొడవు సుమారు 450 కిలోమీటర్లు. రైలు వేగం గంటకు 300 కిలోమీటర్ల వరకు ఉంటుంది. జిద్దా విమానాశ్రయంలోనూ దీనికి స్టేషన్ ఉంది. అందుకే ఉమ్రాకు బయలుదేరే కుటుంబాలు కొన్ని, విమానం దిగిన గంటకే మదీనా రైలు అందుకోవాలని ముందే టికెట్లు తీసుకుంటాయి.

అయితే ఆ స్టేషన్ ఉన్నది 1వ టెర్మినల్ వద్ద. విమానం వేరే టెర్మినల్‌లో దిగితే అక్కడికి వాహనంలో చేరుకోవాలి. అంతకుముందే ఇమిగ్రేషన్ వరుస, సామాను కోసం నిరీక్షణ, పెద్దలకు చక్రాల కుర్చీ కోసం ఎదురుచూపు తప్పవు. విమానం ఆలస్యమైతే రైలు మన కోసం ఆగదు. దారిలో మరో విమానం మారి, రాత్రంతా నిద్రలేని వృద్ధులతో వెళ్లినప్పుడు మేము నాలుగు గంటల వ్యవధి ఉంచుకున్నాము. వుజూ, నమాజు ముగించుకొని, మోకాళ్ల నొప్పులున్న వారిని నెమ్మదిగా నడిపించుకుంటూ స్టేషన్ చేరేసరికే మూడు గంటలు గడిచాయి.

"అల్లాహ్ చూసుకుంటాడు" అంటూ గంట వ్యవధితో టికెట్టు తీసుకోవడం తవక్కుల్ అనిపించుకోదు. ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భరోసా ఉంచమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక వ్యక్తికి బోధించారు. హడావిడిలో ఒకరినొకరు విసుక్కుంటూ ఆయన నగరంలో అడుగుపెట్టడం కన్నా, దరూద్ పఠిస్తూ నిదానంగా చేరుకోవడం ఎంతో మేలు.

అల్లాహ్ మనందరికీ ఆ ప్రయాణ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.