దడి పక్కన గలగల

ఆ చప్పుడు మా ఇంట్లోంచేనండీ వదినగారూ. గాజులనుకున్నారా? ఇత్తడి. నెలకు రెండు ఆదివారాలు మేమిద్దరం తుపాకీ రేంజికి వెళ్తాం కదా, కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు ఏరుకుని తెచ్చుకుంటాం. వాటినే మళ్లీ నింపుకుంటాం. ఈ టెక్సస్‌లో చాలా గరాజుల్లో జరిగే పనే ఇది. నింపడం మావారి పని, ఏరడం నాది.

అయ్యో, చేట వద్దండీ! మీ అమ్మగారు ఊరి నుంచి పంపిన చేట, ఇందులో పెట్టకూడదు. తూటా అడుగున చిన్న బిళ్లలాంటి ప్రైమర్ ఉంటుంది. చాలావాటిలో సీసం కలిసిన మందే వాడతారు. అది పేలాక ఆ మసి తొడుగు లోపల అంటుకుని ఉండిపోతుంది. అందుకే వంటింటి సామాను ఏదీ దీని దగ్గరికి రానివ్వను. బాల్చీ వేరు, జల్లెడ వేరు, నేను తొడుక్కున్న ఈ చొక్కా కూడా విడిగానే ఉతుకుతాను. కొందరు అక్రోటు పెంకుల పొడిలో వేసి యంత్రంలో తిప్పి మెరిపిస్తారు కానీ, ఆ దుమ్ము పీల్చడం నాకిష్టం లేదు. మేం నీళ్లలో సన్నటి స్టీలు పుల్లలు వేసి తిప్పుతాం. ఆ నల్లటి నీళ్లు మాత్రం కరివేపాకు మొక్క మొదట్లో పోయనండోయ్. డబ్బాలో పట్టి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇచ్చేస్తాం.

ఏరడమంటే బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే అనుకున్నాను మొదట్లో. కాదు. రాయి రాయిలా కనబడుతుంది. ఇక్కడ మంచిదీ కానిదీ ఒక్క రంగులోనే మెరుస్తుంటాయి. అందుకని ముందు అయస్కాంతం తిప్పుతాను. పైన ఇత్తడి పూత పూసిన ఉక్కు తొడుగులుంటాయి, కంటికి అచ్చం ఇత్తడే. అయస్కాంతానికి మాత్రం ఠక్కున అతుక్కుంటాయి. అల్యూమినియం అతుక్కోదు కానీ, బూడిద రంగు, చేతికి బొత్తిగా బరువు తగలదు. రెండూ మళ్లీ నింపడానికి పెట్టుకోం.

తర్వాత జల్లెడ. ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ పళ్లేలు, ఒక్కోదానికి ఒక్కో వెడల్పు కంత. పైదాంట్లో ఫార్టీ ఫైవ్ సైజు తొడుగు నిలుస్తుంది, మధ్యదాంట్లో ఫార్టీ, కిందికి నైన్ ఎమ్మెమ్ జారుతుంది. ఇక్కడొక చిక్కుంది. నైన్ వెళ్లి ఫార్టీలో దూరుతుంది, ఆ ఫార్టీ వెళ్లి ఫార్టీ ఫైవ్‌లో దూరుతుంది, మన డబ్బాలో డబ్బా సెట్టులాగా. అవి అలాగే కడిగే యంత్రంలో పడ్డాయంటే బిగుసుకుపోతాయి. అందుకే గుప్పెడు గుప్పెడు తీసి దులుపుతాను. మీరు విన్నది ఆ గలగలే.

ఇంకో సంగతి చెప్పనా, ఆ చప్పుడుతోనే కొంత ఏరుతాను. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదండీ, ఖంగుమంటే తీసుకుంటాం, బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తాం. ఇదీ అంతే. పలుమార్లు కాల్చిన ఇత్తడి గట్టిపడి మూతి దగ్గర సన్నగా చిట్లుతుంది. కంటికి వెంట్రుకంత గీత కూడా ఆనదు. గుప్పెట్లో ఆడించినప్పుడు గలగలలో ఒక బొంగురు గొంతు వినబడుతుంది. ఆ గుప్పెడు పరిచి ఒక్కొక్కటే చూస్తే దొరుకుతుంది. ఈ పని మొదలెట్టిన ఏడాదికి గానీ నా చెవికి ఆ తేడా పట్టుబడలేదు. అది తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో!

జల్లెడ పట్టుకోలేనిది త్రీ ఎయిటీ సైజు. నైన్ ఎమ్మెమ్ తొడుగు పొడవు 19.15 మిల్లీమీటర్లు, దీనిది 17.3. రెండు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు. లావులో తేడా మరీ తక్కువ. ఇది నైన్‌లో కలిసిపోయిందంటే, నింపేటప్పుడు ప్రెస్ పిడి మామూలుకంటే తేలిగ్గా దిగిపోతుంది. మావారు ఏ ఆలోచనలోనో ఉండి అది గమనించకపోతే, బులెట్‌కి సరైన పట్టు ఉండదు. అందుకని అన్నిటినీ పళ్లెంలో నిలబెట్టి పక్కనుంచి చూస్తాను. వరుసలో పొట్టిది ఇట్టే తెలిసిపోతుంది.

ఫార్టీ ఫైవ్‌లయితే బోర్లించి చూడాలి. పూర్వం నుంచీ వాటికి పెద్ద ప్రైమరే. ఇప్పుడు చిన్న ప్రైమర్‌తోనూ చేస్తున్నారు. చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ని నొక్కితే అది అక్కడే పేలొచ్చు. వందల్లో ఒక్కటి చాలు. మావారి మొహం ఆ ప్రెస్ ముందు ఉంటుంది వదినగారూ, అందుకే ఈ ఒక్క పని తొందర పెడితే చెయ్యను.

అడుగున చెక్కిన అక్షరాలు కూడా చదువుతాను, కళ్లజోడు పెట్టుకుని మరీ. వృత్తంలో శిలువ గుర్తుంటే నాటో సైన్యాలకు చేసినది. వాటిలో చాలావాటికి ప్రైమర్ ఊడకుండా అంచు నొక్కేసి ఉంటుంది, ఆ అంచు సరిచేస్తే గానీ కొత్తది ఎక్కదు. విదేశాలవైతే లోపలికి వెలుతురు చూపించి చూస్తాను. నడిమధ్య ఒక్క రంధ్రముంటే బాక్సర్ పద్ధతి, పక్కపక్కన రెండుంటే బెర్డాన్. బెర్డాన్‌ది మన ప్రెస్‌లో పెడితే పాత ప్రైమర్‌ని తోసే సూది విరగొచ్చు. చిత్రం చూడండి, బాక్సర్ ఇంగ్లండు సైనికాధికారి, బెర్డాన్ అమెరికావాడు. అమెరికాలో నిలిచింది ఇంగ్లండాయన పద్ధతి, యూరప్‌లో చాలాచోట్ల చాలాకాలం నడిచింది అమెరికావాడిది.

అవునూ, మీరు హైదరాబాద్ వెళ్లేది వచ్చే బుధవారమే కదా? బాబు ఏ బ్యాగు తెస్తున్నాడు? పోయిన నెల మాతో రేంజికొచ్చినప్పుడు భుజాన వేసుకున్నదేనా? అమ్మో, ఆగండి. తుపాకీలోంచి ఎగిరిన తొడుగులు ఎటు పడతాయో చెప్పలేం. చొక్కా కాలర్లో పడతాయి, తెరిచి ఉన్న జిప్పులో పడతాయి. నా జర్కిన్ మడతలో నెల తర్వాత ఒకటి దొరికింది. ఇక్కడైతే నవ్వుకుని బాల్చీలో పడేస్తాం. అక్కడ ఎయిర్‌పోర్టు స్కానింగులో ఖాళీది కనబడినా పోలీసులకు అప్పగిస్తారు. 1959 ఆయుధాల చట్టం కింద ఎఫ్ఐఆర్ రాసిన సందర్భాలున్నాయి. తెలిసి పెట్టుకున్నారా, తెలియక వచ్చిందా అని కోర్టు చూస్తుంది, నిజమే. ఆ తేల్చుకోవడానికి మన కుర్రాడు కోర్టు మెట్లెక్కాలా చెప్పండి?

మీరు దులపకండి, పప్పులూ పచ్చళ్లూ సర్దే చేతులు. ఆ బ్యాగు ఇలా దడి మీదుగా అందించండి. లోపలి జేబులు కూడా తిరగేసి, అడుగు అట్ట లేపి చూసి సాయంత్రానికి ఇస్తాను.