గట్టిగా పలకలేని వాద్యం

రికార్డర్ అంటే నా వృత్తిలో ఒకటే అర్థం. నాయకుడి ముందు బల్ల మీద పెట్టి బొత్తాం నొక్కేది, మర్నాడు ఆయన "నేనలా అనలేదే" అంటే అక్కరకొచ్చేది. అదే పేరుతో ఒక పిల్లనగ్రోవి ఉందని, దానికోసం మూడొందల ఏళ్ల కిందట ఐరోపాలో మహామహులు సంగీతం రాశారని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాకే. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల గుట్టల మధ్య ఓ సీడీ కనిపించింది. పేరు చూసి నవ్వొచ్చి కొన్నాను. తర్వాత కొన్నేళ్లపాటు అది నన్ను వదల్లేదు.

ఫిలిప్స్ సంస్థ 1980ల ఆరంభంలో తెచ్చిన రికార్డింగ్ అది. వాయించింది డెన్మార్క్ కళాకారిణి మికాలా పెట్రి. వెంట లండన్‌కు చెందిన అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ వాద్యబృందం. దాన్ని నడిపింది వయొలిన్ విద్వాంసురాలు అయోనా బ్రౌన్. వివాల్డి, సమ్మార్తీని, టెలిమాన్, హాండెల్... నలుగురివీ నాలుగు కన్సర్టోలు. కన్సర్టో అంటే ఒక వాద్యం ఒకవైపు, బృందమంతా మరోవైపు ఉండి సాగించే సంభాషణ. అన్నీ బరోక్ కాలపు సంగీతమే. హాండెల్ తన కన్సర్టోను మొదట రికార్డర్ సొనాటాగానే రాసి, తర్వాత ఆర్గాన్‌కు మార్చాడు. ఈ డిస్క్‌లో అది తిరిగి పుట్టింటికొచ్చింది.

రికార్డర్‌ను మన వేణువులా అడ్డంగా పట్టరు, సన్నాయిలా నిలువుగా పడతారు. నోట్లో పెట్టుకునే చోట చిన్న బిరడా, దాని పైన సన్నటి సందు ఉంటాయి. తిరునాళ్లలో పిల్లలకు కొనిచ్చే పీకదీ ఇదే సూత్రం. పెదవులతో సాధన అక్కర్లేదు, ఊదితే చాలు, పలుకుతుంది. వరమూ అదే, శాపమూ అదే. గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, మెల్లగా ఊదితే కిందికి జారుతుంది. అంటే ఈ వాద్యం అరవలేదు, గుసగుసలాడనూ లేదు. కోపమైనా దుఃఖమైనా నాలుకతో స్వరాన్ని ఎలా విడగొట్టారు, ఎంతసేపు నిలిపారు అన్న తేడాలతోనే చెప్పుకోవాలి.

అందుకే అది ఓడిపోయింది. 18వ శతాబ్దం రెండో సగానికి వాద్యబృందాలు పెరిగాయి, టికెట్ కొన్నవాళ్లతో నిండే హాళ్లు వచ్చాయి. అవసరమైనప్పుడు గొంతు పెంచగల అడ్డవేణువు నెగ్గింది. శతాబ్దానికి పైగా రికార్డర్ కచేరీ వేదిక మీద దాదాపుగా కనబడలేదు. ఇంగ్లండ్‌లో పాత వాద్యాలను బాగుచేసే ఆర్నాల్డ్ డోల్‌మెట్ష్ 1905లో ఓ పాత రికార్డర్‌ను వేలంలో కొన్నాడు. 1919లో ఆయన చిన్న కొడుకు దాన్ని పెట్టిన సంచిని లండన్ వాటర్లూ స్టేషన్‌లో మరిచిపోయాడు. పోయినదానికి బదులు డోల్‌మెట్ష్ తానే కొత్తది చేశాడు. ఆధునిక కాలంలో దాని రెండో జన్మకు అదో మలుపు. ఆ తర్వాత ప్లాస్టిక్ రూపంలో బడిపిల్లల చేతుల్లోకి వెళ్లింది. దాంతో బతికింది, పరువు మాత్రం పోయింది. మూడేళ్లకే దాన్ని పట్టి, 1969లో పదకొండేళ్ల వయసులో కోపెన్‌హేగన్ టివోలీ హాల్లో వాయించిన పెట్రి, ఆటబొమ్మగా మారిన వాద్యానికి మళ్లీ పెద్దరికం తెచ్చినవాళ్లలో ఒకరు.

డిస్క్‌లో నన్ను కట్టిపడేసింది వివాల్డి రాసిన సి మేజర్ కన్సర్టో. రికార్డర్ కుటుంబంలోని బుల్లి వాద్యాల్లో ఒకటైన, ఇంచుమించు జానెడుండే సోప్రనీనో మీద వాయించారు. ముందు తీగవాద్యాలన్నీ కలిసి మన పల్లవి లాంటి భాగాన్ని గట్టిగా ఎత్తుకుంటాయి. ఆ బుల్లి వాద్యం ప్రవేశించగానే అవి తగ్గుతాయి. దాని వెనక కొద్ది వాద్యాలే సన్నగా మిగులుతాయి. అది చెప్పాల్సింది చెప్పాక బృందమంతా పూర్తి బలంతో తిరిగొస్తుంది. తగ్గినంత మాత్రాన వాళ్లకు పోయిందేమీ లేదు. మనకిది కొత్త కాదు. వీణ కచేరీలో చేయి తేలిక చేసి వాయించే మృదంగ విద్వాంసుడిని చూసినవాళ్లకు ఈ మర్యాద తెలుసు.

వివాల్డికి వినబడని గొంతుల సంగతీ తెలుసు. 1703లో ఆయన వెనిస్‌లోని పియెటా అనాథాశ్రమంలో వయొలిన్ గురువుగా చేరాడు. అక్కడి ఆడపిల్లలు జాలీ తెరల వెనక నుంచి వాయించేవారు. వాళ్లకు ఇంటిపేర్లుండవు. వయొలిన్ అనా మరియా అన్నట్టు, వాద్యమే ఇంటిపేరు.

టీవీ చానల్లో సౌండ్ ఇంజినీరుగా పనిచేసే మిత్రుడికి ఇదంతా చెబితే కొట్టిపారేశాడు. "ఇందులో ఏముంది గురూ? మైకు దగ్గర పెట్టి లెవెల్ పెంచితే దోమ కూడా ఏనుగైపోతుంది" అన్నాడు. అతని మాటలో సగం నిజముంది. పెట్రి వెంట ఉన్నవి ఆధునిక వయొలిన్లు, బరోక్ కాలపు వాద్యాలకన్నా గట్టిగా మోగేవి. ఆమె గొంతును మైకు కొంత ఆదుకునే ఉంటుంది. కానీ ఆ రెండో సగం నాకు తెలిసొచ్చింది సంగీతంలో కాదు, ఉత్తరాంధ్రలో ఓ షామియానా కింద.

అక్కడ ఒక పరిశ్రమ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అలాంటి సభను వీడియో తీయాలి. తీస్తున్నారు. మాట్లాడాలన్నవాళ్లకు మైకు ఇవ్వాలి. ఇచ్చారు. ఓ ముసలమ్మ లేచి మైకు పట్టుకుంది. ఆమె నోరు తెరిచిందో లేదో ముందు వరసల నుంచి జిందాబాద్‌లు, చప్పట్లు. ఎవరూ ఆమెను ఆపలేదు, ఎవరూ తిట్టలేదు. ఆమె మాట్లాడినంతసేపూ వాళ్లు మాట్లాడారు, అంతే. మర్నాడు ఊరికెళ్లి ఇంటి అరుగు మీద కూర్చుంటే, అదే మాట రెండు నిమిషాల్లో చెప్పింది. "పొలం పోతే డబ్బులిస్తారు బాబూ, సెరువు పోతే ఎవులిస్తారు?" రికార్డుల ప్రకారం మాత్రం ఆమెకు అవకాశం ఇచ్చినట్టే.

రాజనీతి శాస్త్రం చదివిన రోజుల్లో టోక్‌విల్, మిల్ చెప్పిన మెజారిటీ నిరంకుశత్వం గురించి పేజీలకు పేజీలు రాశాను. దానికి విరుగుళ్లుగా హక్కులు, కోర్టులు, రాజ్యాంగ రక్షణలు ఏకరువు పెట్టాను. వాటి విలువ మీద నాకిప్పటికీ సందేహం లేదు. అవి లేకపోతే ఆ ముసలమ్మ చేతికి మైకే వచ్చేది కాదు. కానీ చట్టం మైకును ఇప్పించగలదు. మైకు పట్టుకున్న మనిషి చుట్టూ ఉన్నవాళ్లు కాసేపు స్వరం తగ్గించాలని ఏ సెక్షన్ రాయగలదు? వివాల్డి తన స్వరపత్రంలో రాయగలిగాడు. వయొలిన్లు దాన్ని పాటించాయి.

వార్తలు రాసే మాకు గట్టి గొంతంటే మోజు. రాత్రి చర్చల్లో తెర మీద ఆరు కిటికీలు తెరిచి ఆరుగురినీ ఒకేసారి అరవనిస్తే దాన్ని భిన్నాభిప్రాయం అంటున్నాం. అందులో శ్రుతి తప్పకుండా మాట్లాడేవాడు ఓడిపోయినట్టు కనిపిస్తాడు. గొంతు పెంచరాదా అని సలహా కూడా ఇస్తాం. రికార్డర్ గొంతు పెంచితే ఏమవుతుందో తెలిశాక ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. కొందరి మాటకున్న బలమంతా ఆ మెత్తదనంలోనే ఉంటుంది. అరవమంటే వాళ్లు వాళ్లుగా మిగలరు.

సమ్మార్తీని కన్సర్టోలో ఊయల లయతో సాగే నెమ్మది భాగం ఒకటుంది. దాన్ని సిసిలియానో అంటారు. రికార్డర్ అందులో ఎక్కడా తొందరపడదు, ఎవరినీ గెలవాలని చూడదు. పదీ పన్నెండు వయొలిన్లు తలచుకుంటే ఒక్క క్షణంలో దాన్ని ముంచెత్తగలవు. అవి తలచుకోవు. సంగీతమంతా ఆ సంయమనం మీదే నిలబడి ఉంది.