పాత చింతకాయ పచ్చడి

ఎవరైనా తెలిసిన మాటనే మళ్లీ మళ్లీ చెబుతుంటే విసుగ్గా "పాత చింతకాయ పచ్చడి" అంటాం. ఈ మాట మీరూ ఎన్నోసార్లు అని ఉంటారు. కాని నిజంగా ఆ పచ్చడిని రుచి చూసినవాళ్లు దాన్ని తీసిపారేయరు. బాలింతకు పథ్యంగా, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవారికి మొదటి ముద్దలో మన ఇళ్లలో పెట్టేది ఆ పాత పచ్చడినే. మాటలో చిన్నచూపు, వంటింట్లో గౌరవం! ఈ తేడా గురించి మీతో కలిసి కాసేపు ఆలోచించాలని ఉంది.

ఉద్యోగరీత్యా నేను ఢిల్లీ పక్కనే ఉన్న నోయిడాలో ఉంటున్నాను. మా వంటింట్లో ఒక చిన్న జాడీ ఉంది. మూడేళ్ల క్రితం గుంటూరు జిల్లాలో మా అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి రైలెక్కి ఇక్కడికి వచ్చింది. దాని తయారీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చలికాలంలో, గింజ ముదరకముందే కాయలు కోస్తారు. కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, ఉప్పు, పసుపు వేసి రోట్లో తొక్కుతారు. మూడో రోజున తిరగదొక్కి, ఈనెలు, గింజలు ఏరేసి, జాడీకెత్తి వాసెన కడతారు. కావలసినప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసి, వేయించిన మెంతులు, ఎండుమిరపకాయలతో నూరి, ఇంగువ పోపు పెడతారు.

కొత్తలో ఆ పచ్చడి పులుపు నాలుకను కోస్తుంది. ఉప్పు విడిగా తెలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదిరి నలుపుకు తిరుగుతుంది. పులుపు పోదు, కాని ఉప్పుతో కలిసిపోయి నెమ్మదిస్తుంది. చింతకాయలో టార్టారిక్ ఆమ్లం ఎక్కువ. అంత పులుపులో, అంత ఉప్పులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు సులభంగా పెరగలేవు. అందుకే పచ్చడి పాడవకుండా పాతబడగలుగుతుంది.

ఇదే ఆమ్లం ద్రాక్షలోనూ ఉంది. స్పెయిన్ దేశపు ఉత్తర భాగంలో, ఎబ్రో నది లోయలో రియోహా అనే ప్రాంతం ఉంది. అక్కడ టెంప్రనీయో అనే నల్లద్రాక్షతో చేసిన ఎర్ర వైన్‌ను 225 లీటర్ల ఓక్ పీపాల్లో, ఆ తరువాత సీసాల్లో నిల్వ చేస్తారు. దానిమీద "గ్రాన్ రిసర్వా" అని రాయాలంటే కనీసం 5 ఏళ్లు నిల్వ ఉండాలి. అందులో 2 ఏళ్లయినా పీపాలో గడవాలి. మన పచ్చడి ముదిరితే నల్లబడుతుంది. ఆ వైన్ ముదిరితే ఎరుపు తగ్గి ఇటుక రంగుకు వస్తుంది. వగరునిచ్చే టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి, కొంత మడ్డిగా అడుగుకు దిగడమే దీనికి కారణం. అక్కడివారు దాన్ని కాల్చిన గొర్రెపిల్ల మాంసంతో కలిపి ఆస్వాదిస్తారు. మాంసంలోని మాంసకృత్తులు, కొవ్వు ఆ వగరును మెత్తబరుస్తాయి. నేను మద్యం ముట్టను, మిమ్మల్ని ముట్టమనీ చెప్పను. అయినా ఈ సూత్రం నాకు కొత్తగా అనిపించలేదు. పులుపు పచ్చడిలో నెయ్యో, నువ్వుల నూనెో వేసుకోమని మన పెద్దలు చెప్పింది ఇలాంటి మాటే కదా!

మా పక్కింటి పంజాబీ ఆవిడ మొదటిసారి ఆ నల్లటి ముద్దను చూసి, పాడైపోయిందేమోనని అనుమానపడింది. వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపి ఇచ్చాను. తిని, కాసేపు మాట్లాడలేదు. తరువాత తన ఇంటికి వెళ్లి ఒక గాజుసీసా తెచ్చింది. అందులో వాళ్ల అత్తగారు ఎన్నో ఏళ్ల క్రితం పెట్టిన నిమ్మకాయ ఊరగాయ ఉంది. అదీ నల్లగానే ఉంది! కడుపులో బాగాలేనప్పుడు వాళ్లు దాన్ని చిన్న ముక్క తింటారట. మా ఇద్దరి భాషలు వేరు. కాని ఆ రోజు ఒకరి జాడీ ఒకరికి వివరించనవసరం లేకపోయింది.

అయితే కాలం ఒక్కటే ఏ పదార్థాన్నీ బాగుచేయదు. ఉప్పు తగ్గితే, తడి చెయ్యి తగిలితే, వాసెన వదులైతే అదే కాలం బూజు పట్టిస్తుంది. జాడీని ఎవరో ఒకరు పట్టించుకుంటూ ఉండాలి.

సంపర్క తరగతుల్లో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "చదువు మానేసి పదిహేనేళ్లయింది. ఇప్పుడు బుర్రకెక్కుతుందా?" వారికి నేను ఈ జాడీ సంగతే చెబుతాను. ఆ పదిహేనేళ్లలో మీరు చిట్టీలు కట్టారు, అప్పు తీర్చారు, కొలిచి కొన్నారు, కొలిచి అమ్మారు. చక్రవడ్డీ సూత్రం పుస్తకంలో చూడకముందే దాని బరువు మీకు తెలుసు. అదంతా మీలో ఊరుతూనే ఉంది. బడిలో నేర్చినవి కొన్ని మరిచిపోయి ఉంటారు, నిజమే. వాటిని మూడో రోజు పచ్చడిలాగా తిరగదొక్కాలి. ఈనెలు తీసేయాలి. అందుకు రోజుకు ఒక గంట చాలు, కాని ఆ గంట తప్పకూడదు.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. మీ ఇంట్లో నిల్వ ఉంచిన పదార్థం ఏదైనా, ఆవకాయో, పాత బెల్లమో, ఒకటి ఎంచుకోండి. ముందు దాని రంగు చూడండి. వాసన చూడండి. కొంచెం ఉత్తగా నాలుకమీద పెట్టుకోండి. తరువాత అన్నంతోనో, రొట్టెతోనో కలిపి తినండి. మొదట ఏ రుచి తెలిసింది, చివరికి నోట్లో ఏది మిగిలింది, అన్నంతో కలిశాక ఏమి మారింది? అయిదు వాక్యాల్లో రాయండి. ఒక్క నియమం: "బాగుంది" అనే మాట వాడకూడదు.