చెరువుల నడుమ చేను

బొచ్చె తలకాయ పులుసు రుచి తెలిసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెప్పినా లాభంలేదు. కానీ ఆ బొచ్చె ఎక్కడ పెరుగుతుందో మనలో ఎంతమందికి తెలుసు? "ఏట్లో, ఇంకెక్కడ?" అంటారు. ఒకప్పుడు నిజమే. ఇప్పుడు మన బజారుకొచ్చే బొచ్చె, శీలావతి చాలామటుకు ఏటి మొహం చూసినవి కావు. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో పెరిగినవే.

చెరువంటే తామరపువ్వులూ, రాతిమెట్లూ ఊహించుకోకండి. నిన్నమొన్నటి వరిచేనే. నాలుగుపక్కలా గట్లు పోసి నీళ్ళు పెడితే చెరువు. లోపల కాపురం మటుకు మూడంతస్తుల మేడలో ఉమ్మడి కుటుంబంలా ఉంటుంది. బొచ్చె పైనీళ్ళలో, శీలావతి నడుమ, మోసు అడుగున బురదలో. ఎవరి వంటిల్లు వారిది. నూనె తీసిన తవుడూ, చెక్కా చిల్లులు పెట్టిన బస్తాల్లో నింపి నీళ్ళలో కర్రలకి కట్టేస్తారు. ఆకలేసినప్పుడు వచ్చి పొడుచుకు తింటాయి. ఆ ఏర్పాటు మనిళ్ళలోకి రాదేమని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఈ చేపలకో పంతం. నిలవనీళ్ళలో గుడ్లు పెట్టవు. వానాకాలపు కొత్తనీరు పారాలి. అందుకే పూర్వం ఏళ్ళలో పిల్లల్ని పట్టి తెచ్చుకునేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదురిగారనే శాస్త్రజ్ఞుడు చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఆ పంతం విరిచారు. ఆ తేదీనే చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. సూది వేయించుకున్న తల్లిచేపని మటుకు ఎవరూ తలుచుకోరు లెండి.

పిల్లల సంగతి ఇంకా చిత్రం. వాటిని ఇరుకు చెరువులో కిక్కిరిసేలా వేసి, అరకడుపు మేతతో నెలల తరబడి గిడసబారుస్తారు. ఆ తర్వాత పెద్దచెరువులోకి వదిలితే కరువుదీరా తిని ఇట్టే ఎదుగుతాయి. ఇది విన్నప్పుడు నాకెందుకో మా అమ్మ తరం ఆడపిల్లల చదువులు గుర్తొచ్చాయి. కాకపోతే వాళ్ళని పెద్దచెరువులోకి వదిలినవాళ్ళు తక్కువ.

కైకలూరు దగ్గర మా వదినకి పసుపుకుంకాలకింద పుట్టింటివారిచ్చిన రెండెకరాల చేనుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా చెరువులకి కౌలుకిచ్చేశారు. వాళ్ళని తప్పుపట్టలేం. వరిలో మిగిలేదానికంటే కౌలే ఎక్కువ. చేపలు ఐసులో పడుకుని లారీల్లో కలకత్తాకీ, అస్సాంకీ పోతాయి. ఆ డబ్బుతోనే ఎందరి పిల్లలో ఇంజనీర్లయ్యారు. చెరువు రైతుకీ సుఖం లేదు. మబ్బు పట్టిన రోజైతే తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ రాత్రి అతనికి కునుకుండదు.

అయితే ఆ చెరువుల ఊట మా వదిన చేలోకి దిగుతోంది. కోతల వేళకి కూడా మడమలోతు నీళ్ళు. ఊరు చుట్టూ ఎటుచూసినా నీళ్ళే, తాగడానికి మటుకు డబ్బాల్లో కొనుక్కోవాలి. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో సరస్సులోని చెరువుగట్లు యంత్రాలతో తెగ్గొట్టారు. సరస్సు బయట ఉన్న రెండెకరాల గోడు ఎవరికి పడుతుంది? చేపలమీద నాకు కోపంలేదు. గట్టుకీ పక్క చేనుకీ మధ్య ఊట లాగే బోదె తవ్వి, ఆ చేనుగలావిణ్ణి ఒక్కమాట అడిగితే ఏం పోయిందని?

"ఇచ్చెయ్యకూడదూ వదినా, ఎందుకీ అవస్థ?" అన్నాను ఆమధ్య.

"ఇస్తే డబ్బొస్తుంది, కాదన్ను. గట్లు వేశాక నా రెండెకరాలు ఎక్కడున్నాయో నాకే తెలియదమ్మాయ్. పదిమంది చేలూ కలిసి ఒకటే చెరువాయె," అంది.

ఈ సార్వాకి మళ్ళీ నారు పోసింది. కౌలు అడగడానికొచ్చినాయనకి గ్లాసుడు మజ్జిగిచ్చి, సంక్రాంతి వెళ్ళాక రమ్మందిట.