తరువాతి పట్టు

నడవగలిగినంత కాలం నడకను గురించి ఎవరూ ఆలోచించరు. యాభై యేళ్లు దాటేవరకు నేనూ ఆలోచించలేదు. మాది కోనసీమలోని కాట్రేనికోన. పెరటి గుమ్మం దాటితే కొబ్బరితోట, తోట దాటితే పంటకాలువ, ఆ పైన వరిచేలు. తూర్పుగాలి వీచిన రోజున సముద్రపు వాసన మా వీధి అరుగు దాకా వస్తుంది. బాల్యంలో ఆ కాలువగట్టు మీదుగానే బడికి నడిచాను. అధ్యాపకుడనైన తరువాత ఇరవై అయిదేళ్లకు పైగా స్కూటరు మీద కళాశాలకు వెళ్లివచ్చాను. గోతుల దారులను, గంటల తరబడి నిలబడి చెప్పిన పాఠాలను, రాత్రివేళ వ్రాతప్రతుల మీద వంగి చేసిన పరిశోధనను నా వెన్నెముక మౌనంగా భరించింది. ఆ మౌనాన్ని నేను బలమని భ్రమించాను.

మనిషి పుట్టినప్పుడు వెన్నెముకలో 33 పూసలు ఉంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5. వాటికి దిగువన ఉన్న 5 పూసలు ఎదిగేకొద్దీ కలిసి ఒకే ఎముకగా మారతాయి. చివరి 4 తోకముక్కగా ఏర్పడతాయి. మెడ నుండి నడుము వరకు పూసకూ పూసకూ నడుమ మెత్తని బిళ్లలు ఉండి కుదుపులను తట్టుకుంటాయి. వాటినే డిస్కులంటారు. నా నడుములోని ఒక డిస్కు చోటు తప్పి, కాలిలోకి దిగే నరాన్ని ఒత్తసాగింది. తుంటి నుండి మడమ వరకు నిప్పుతీగ లాగినట్లుండే ఆ బాధకు ఆయుర్వేదం ‘గృధ్రసి’ అని పేరు పెట్టింది. గృధ్రమంటే గద్ద. రోగి నడక ఆ పక్షి నడకను తలపిస్తుంది గనుక ఆ పేరు వచ్చిందని పండితులు వివరిస్తారు. ఒకనాడు ఆ వ్యుత్పత్తిని తరగతిలో ఉత్సాహంగా చెప్పినవాడిని, కొద్ది నెలల్లో ఆ నడకనే నడవవలసి వచ్చింది.

2022 డిసెంబరు మొదటి వారంలో ఒక నగరంలో నాకు శస్త్రచికిత్స జరిగింది. నరం మీది ఒత్తిడిని తొలగించి, రెండు పూసలను టైటానియం మరలతో, కడ్డీలతో బిగించారు. మరునాడే నన్ను నిలబెట్టి నాలుగడుగులు వేయించారు. “మరలు పూసలను పట్టి ఉంచుతాయి. ఎముక ఎముకతో అతకడానికి నెలలు పడుతుంది. వంగకండి, బరువెత్తకండి, నడుమును మెలితిప్పకండి. కాని రోజూ నడవండి” అన్నారు వైద్యులు.

ఇంటికి వచ్చాక ఆ చివరి మాట తప్ప తక్కినవన్నీ అమలయ్యాయి. “కదలకు నాన్నా, కుట్లు పిగిలిపోతాయి” అని అమ్మ మంచం పక్కనే కూర్చునేది. చూడవచ్చిన బంధువులందరూ విశ్రాంతినే బోధించారు. నిజానికి వారి ప్రేమ నా భయానికి మంచి సాకు అయింది. ఆరు వారాలు గడిచేసరికి తొడల కండ కరిగిపోయింది. లేచి నిలబడితే ఎడమ పాదపు వేళ్లు నేలను రాసుకునేవి. ఇక తరగతి గదిలో అడుగుపెట్టలేనని నిశ్చయించుకొని, స్వచ్ఛంద పదవీ విరమణ కోరుతూ ఒక దరఖాస్తు వ్రాసి, ఎవరికీ చెప్పకుండా తలగడ పక్కనున్న పోతన భాగవతంలో దాచాను.

సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు మా తోటలో కొబ్బరి దింపు జరిగింది. కాయల లెక్క చెప్పడానికి ఒకప్పటి దింపు కార్మికుడు లోపలికి వచ్చాడు. చేతిలో ఊతకర్ర. తొమ్మిదేళ్ల కిందట వానకు తడిసిన చెట్టు ఎక్కబోయి, జారిపడి, వెన్ను విరుగగొట్టుకున్న మనిషి. అప్పుడు చుట్టుపక్కలవారు కంగారులో కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. శస్త్రచికిత్స తరువాత కర్ర పట్టుకొని నాలుగడుగులు వేయడానికి అతనికి ఏడాదిన్నర పట్టింది.

“ఆయ్, మేష్టారూ! ఇంకా మంచం మీదేనాండీ?” అన్నాడు.

“ఏం చేయమంటావయ్యా, కాలు మాట వినడం లేదు. నువ్వు ఏడాదిన్నర ఎలా ఓపిక పట్టావు?” అని అడిగాను.

“ఓపిక కాదండీ. చెట్టెక్కేవోడు మొవ్వు వంక చూడకూడదండీ, బెంగొచ్చేత్తాది. కిందకీ చూడకూడదండి, భయమేత్తాది. చెయ్యి తరవాత ఎక్కడెయ్యాలో ఆ పట్టు చూసుకోవాలండి. మంచం దిగేటప్పుడూ అంతేనండి.”

అలంకారశాస్త్రం చదివిన నాకు ఇంతకంటె పొందికైన ఉపమానం ఆ రోజుల్లో తారసపడలేదు. మరునాటి ఉదయం ఫిజియోథెరపిస్టును పిలిపించాను. ఆయన మొదట నేర్పినది నడక కాదు, మంచం దిగడం. భుజం, తుంటి ఒకేసారి కదిలేలా దుంగవలె పక్కకు తిరగాలి. కాళ్లు కిందకు జార్చి, మోచేతితో ఒత్తుకుంటూ లేవాలి. యాభై యేళ్ల మనిషికి అది అక్షరాభ్యాసమే. పాదం పైకి ఎత్తే వ్యాయామాలు రోజుకు మూడు పూటలు చేయించారు.

తరువాత తోటలో నడక మొదలైంది. మా తోటలో చెట్టుకూ చెట్టుకూ ఇంచుమించు 25 అడుగుల దూరం. తొలినాడు ఒక్క చెట్టు దాకా వెళ్లి వచ్చాను. మూడు రోజులకు ఒక చెట్టు చొప్పున పెంచుకున్నాను. లెక్క వ్రాసుకోవడానికి కాగితం వెదికితే భాగవతంలో దాచిన దరఖాస్తే చేతికి తగిలింది. దాని వెనుకవైపు ఖాళీగా ఉంది. చెట్ల లెక్క అక్కడే వ్రాయసాగాను.

పన్నెండు చెట్లకు చేరిన నాడు నాకు గర్వం వచ్చింది. అలమర పైఅరలోని పుస్తకాల కట్టను రెండు చేతులతో దింపబోయాను. నడుములో మెరుపు మెరిసినట్లయింది. పరీక్షలు చేసి, మరలు భద్రంగానే ఉన్నాయని వైద్యులు చెప్పారు. కాని నా లెక్క మళ్లీ మూడు చెట్లకు దిగింది. నన్నయగారి ఆదిపర్వంలోని వినత కథ అప్పుడు నాకు కొత్తగా అర్థమైంది. సవతి బిడ్డలు ముందుగా పుట్టారన్న ఆత్రంతో ఆమె ఒక అండాన్ని కాలం నిండకముందే చిదిపింది. తొడలు లేని అనూరుడు పుట్టాడు. రెండవ అండం కోసం ఆమె మరి అయిదు వందల ఏళ్లు వేచి ఉన్నది. అందులోనుండి గరుత్మంతుడు వచ్చాడు. నా లోపల ఎముక అతుకుతున్నది. దానికీ ఒక కాలం ఉంది.

భాగవతంలో మూడు వంకరలు పోయిన కుబ్జ దేహాన్ని శ్రీకృష్ణుడు చుబుకం కింద రెండు వేళ్లు ఉంచి, పైకి ఎత్తి, క్షణంలో నిటారుగా చేస్తాడు. ఆ ఘట్టాన్ని నేను ఏటేటా తన్మయంగా చెప్పేవాడిని. క్షణంలో జరగనప్పుడు మనిషి ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం నాకు ఎన్నడూ తట్టలేదు.

ఆ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో కొందరు తమ జీవితాలతో సమాధానం చెప్పారు. జర్మనీ నుండి ఇంగ్లండుకు శరణార్థిగా వెళ్లిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నెముక గాయాల విభాగాన్ని ప్రారంభించాడు. అటువంటి రోగులను మంచానికే వదలివేసే ఆ కాలంలో ఆయన వారి చేత పనులు, ఆటలు చేయించాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన నాడే, చక్రాల కుర్చీలలోని 16 మందికి విలువిద్య పోటీ నిర్వహించాడు. నేటి పారాలింపిక్స్‌కు అదే బీజం. మన పొరుగునే వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో వాహన ప్రమాదానికి గురై నడక కోల్పోయింది. ఆ తరువాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. 1966లో అక్కడ వికలాంగుల పునరావాస కేంద్రం ఆమె నాయకత్వంలో నెలకొన్నది. ఆమెకు నడక తిరిగి రాలేదు. కాని ఆమె పని ఆగలేదు.

2023 జూన్‌లో నేను తిరిగి కళాశాలకు వెళ్లాను. మేడ మీది తరగతిని నాకోసం కిందికి మార్చారు. గదిలో ఒక కుర్చీ వేసి ఉంది. కూర్చొని పాఠం చెప్పడం అవమానంగా తోచి తొలినాడు దానిని తాకలేదు. అరగంటకు ఎడమకాలు వణికింది. ముందు వరుసలోని ఒక అమ్మాయి మాట్లాడకుండా లేచి కుర్చీని నా దగ్గరకు జరిపింది. కూర్చున్నాను. పాఠం ఆగలేదు. తొడలు లేని అనూరుడు కూర్చునే కదా సూర్యుని రథం తోలుతున్నది!

నేటికీ నేలమీద బాసింపట్టు వేసుకోలేను. ఎడమకాలి రెండు వేళ్లకు స్పర్శ లేదు. అయినా రోజూ నలభై చెట్లు వెళ్లి వస్తాను. సాయంకాలాల్లో ఊతకర్రతో అతడు కూడా వస్తాడు. నాకు సెలవు ఉండింది, నెల తిరిగితే జీతం వచ్చింది. అతడు మంచాన ఉన్నన్నాళ్లు ఇల్లాలు కొబ్బరిపీచు పనికి వెళ్లి ఇల్లు గడిపింది. ఒకే గాయం ఇద్దరికి ఒకేలా మానదని అతని పక్కన నడిచినప్పుడు తెలుస్తుంది.

విద్యార్థులారా! మన సీమలో చెట్టు మీదనుండి పడినవారిని మీరు ఎన్నడైనా చూడవచ్చు. అప్పుడు ఆత్రపడకండి. లేపి కూర్చోబెట్టకండి. మెడనూ నడుమునూ కదలనీయక, 108కి ఫోన్ చేయండి. తప్పక తరలించవలసి వస్తే నలుగురూ కలిసి, దేహం వంగకుండా, గట్టి బల్ల మీద పడుకోబెట్టి తీసుకువెళ్లండి. “ఆ రోజు బల్ల ఉంటే బాగుండేదాండీ?” అని ఒకసారి అతడు నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ దరఖాస్తు కాగితం ఇప్పటికీ భాగవతంలోనే ఉంది. వెనుకవైపు అంకెలతో నిండిపోయింది.